పడవలో కరెంటుకు మడవ కట్టేదెవరు?

నెల్లూరు జిల్లా పల్లెటూరి పిల్లలకు మడవ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెబుతాను. పెన్నమీద ఉన్న సోమశిల జలాశయం నుంచీ, నెల్లూరు ఆనకట్ట నుంచీ బయలుదేరిన నీళ్ళు పెద్ద కాలువల్లోనూ పిల్లకాలువల్లోనూ పారి వరిమడి గట్టుదాకా వస్తాయి. రైతు పారతో గట్టుకు చిన్న గండి పెడితే నీళ్ళు మడిలోకి దిగుతాయి. దాన్ని మడవ తియ్యటం అంటారు. మడి నిండగానే నాలుగు పారల మట్టి వేసి గండి మూసేస్తాడు. అది మడవ కట్టటం. పని చిన్నదే. కాని ఆ మనిషి కునుకు తీశాడంటే ఒక మడి ఎండుతుంది, ఇంకొక మడి గట్టు తెగుతుంది.

ఇటువంటి మనిషే ఒకడు సముద్రంమీద తిరిగే మరపడవలో కూడా ఉండాలి. అయితే అతను నిజంగా మనిషి కాడు, చిన్న పెట్టె. అతను మడవ కట్టేది నీళ్ళకు కాదు, కరెంటుకు. ఆ పెట్టె పేరు రెగ్యులేటరు. దాని కథ తెలుసుకుందాం, రండి.

ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా, 61 రోజులపాటు, మన తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టి పిల్లలను చేసుకునే కాలమని ఆ నియమం పెట్టారు. ఆ రెండు నెలలూ పడవలకు మరమ్మతుల కాలం. వలలు అల్లుకునేవాళ్ళు వలలు అల్లుకుంటారు, రంగులు వేసేవాళ్ళు రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పేవాళ్ళు ఇంజన్లు విప్పుతారు. కృష్ణపట్నం వైపునో, బోగోలు దగ్గరి జువ్వలదిన్నె రేవులోనో అటువంటి పడవ ఒకటి ఉన్నదనుకుని మనమూ ఎక్కుదాం. సరంగు ఇంజను గదిలోకి దిగి, చేతిలో దీపం పట్టుకుని చూస్తున్నాడు.

"ఈ ఏడు ఆల్టర్నేటరు మార్చాల్సిందే," అంటాడు సరంగు.

"ఎందుకు మామా? బాగానే తిరుగుతున్నది గదా?" అని మీరు అడుగుతారు.

"తిరగటానికేం, తిరుగుతున్నది అబ్బయా! బాటరీ నిండితే గదా!"

సరంగు బాధ ఏమిటో లెక్క వేసి చూద్దాం. సాయంత్రం వల వేసి, ఇంజను ఆపి, రాత్రంతా పడవ వలతోపాటు తేలుతూ ఉంటుంది. ఆ సమయంలో దీపాలు వెలగాలి, లేకపోతే పెద్ద ఓడ వచ్చి గుద్దవచ్చు. వైర్లెసు పని చెయ్యాలి. దారి చూపే జి.పి.ఎస్. పని చెయ్యాలి. నీటి లోతునూ చేపల గుంపులనూ కనిపెట్టే యంత్రం పని చెయ్యాలి. అన్నిటికీ కలిపి గంటకు 10 ఆంపియర్ల చొప్పున వాడతారనుకోండి. పది గంటల్లో బాటరీలోంచి 100 ఆంపియర్-గంటలు ఖర్చు అవుతాయి. తెల్లవారి వల లాగి, ఇంజను వేసి మూడు గంటలు నడిపి ఒడ్డుకు వస్తారు. ఆ మూడు గంటల్లో పాత ఆల్టర్నేటరు గంటకు 20 చొప్పున 60 మాత్రమే తిరిగి నింపిందనుకోండి. ఇంకా 40 అప్పు. రెండోరోజు 80. మూడోరోజుకు 120. బాటరీ షావుకారు ఎన్నాళ్ళని అప్పిస్తాడు? ఒక తెల్లవారుజామున సరంగు తాళంచెవి తిప్పితే ఇంజను "కిర్రు" మని ఊరుకుంటుంది. చిన్న ఇంజనైతే హాండిలు వేసి చేత్తో తిప్పి లేపవచ్చు. పెద్ద ఇంజనును ఏ వస్తాదూ తిప్పలేడు.

అదీగాక, ఎప్పుడూ సగం నిండి ఉండే బాటరీ తొందరగా చెడుతుంది. లోపలి సీసపు పలకలమీద సీసపు సల్ఫేటు పొర ఏర్పడుతుంది. వెంటనే నింపితే కరిగిపోతుంది. రోజుల తరబడి వదిలేస్తే గట్టిపడిపోయి మళ్ళీ కరగదు.

మరి పాత ఆల్టర్నేటరుమీద "55 ఆంపియర్లు" అని రాసి ఉన్నది గదా, 20 మాత్రమే ఎందుకిస్తున్నది? అది తెలియాలంటే దాని కడుపులో ఏమున్నదో చూడాలి.

ఒక కమ్మరివాని కొడుకు చలవ

మైకేల్ ఫారడే ఇంగ్లండులో ఒక కమ్మరివాని కొడుకు. చిన్నప్పుడు పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ, బైండుకు వచ్చిన పుస్తకాలే చదివి శాస్త్రజ్ఞుడయినాడు. 1831లో ఆయన ఒక తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోసి, బయటికి లాగి చూశాడు. అయస్కాంతం కదిలినంతసేపూ తీగలో కరెంటు పుట్టింది. కదలిక ఆగగానే కరెంటు ఆగింది. ఇంతే రహస్యం! సోమశిల దగ్గర నీటితో తిరిగే యంత్రమయినా, మన పడవలోని ఆల్టర్నేటరయినా ఈ రహస్యంమీదనే నడుస్తున్నవి.

పూర్వం కార్లలోనూ పడవల్లోనూ డైనమోలు ఉండేవి. వాటిలో తిరిగే భాగంలోనే కరెంటు పుట్టేది. పుట్టిన కరెంటునంతా రాగిముక్కలమీద ఒరుసుకునే బొగ్గు బ్రష్షుల ద్వారా బయటికి తియ్యాలి. ఆ రాగిముక్కలు ఒకదానికొకటి తగలకుండా మధ్య అభ్రకం రేకులు పెట్టేవారు. గూడూరు, సైదాపురం ప్రాంతాల గనుల్లో తవ్విన అభ్రకం ఇటువంటి పనులకోసమే విదేశాలకు ఓడలెక్కి వెళ్ళింది. డైనమోకు ఇంజను మెల్లిగా తిరిగినప్పుడు చాలినంత కరెంటు ఇవ్వలేకపోవటం పెద్ద లోపం.

ఆల్టర్నేటరులో ఏర్పాటు తలకిందులు. అయస్కాంతం మధ్యలో తిరుగుతుంది, కరెంటు పుట్టే తీగచుట్టలు దాని చుట్టూ కదలకుండా ఉంటాయి. అందువల్ల పుట్టిన కరెంటు బ్రష్షుల పని లేకుండానే బయటికి వస్తుంది. అయితే అది అటూ ఇటూ ఊగే కరెంటు, బాటరీకి పనికిరాదు. దాన్ని ఒక్క వైపుకే పంపటానికి డయోడు అనే చిన్న తలుపులు పెట్టారు. కాలువలో రొయ్యలకోసం పెట్టే మావు చూశారా? రొయ్య లోపలికి పోతుందిగాని బయటికి రాలేదు. డయోడు కూడా అట్లాంటిదే. సిలికానుతో చేసిన డయోడ్లు చవకగా దొరకసాగిన తరవాతనే ఆల్టర్నేటర్లు మామూలు కార్లలోకి వచ్చాయి. అమెరికాలో క్రిస్లరు కంపెనీ 1960లో తన వేలియంటు కారులో డైనమో తీసేసి దాన్ని పెట్టింది.

ఇక అసలు సంగతి. ఆల్టర్నేటరు మధ్యలో తిరిగే అయస్కాంతం మామూలు అయస్కాంతం కాదు. ఇనుముమీద తీగ చుట్టి, అందులోకి కొంచెం కరెంటు పంపితేనే అది అయస్కాంతమవుతుంది. ఎక్కువ పంపితే బలం ఎక్కువ, తక్కువ పంపితే బలం తక్కువ, ఆపేస్తే సున్న. లోపలికి పంపే కరెంటు నాలుగైదు ఆంపియర్లే. దాన్ని అదుపులో పెడితే బయటికి వచ్చే వంద ఆంపియర్లూ అదుపులో ఉంటాయి. చిన్న గండి దగ్గర కూర్చుని మడినంతా కాపాడే రైతు మాదిరి, ఈ కొద్ది కరెంటుకు మడవ తీస్తూ కడుతూ ఉండేదే రెగ్యులేటరు.

కుండలో కూర్చున్న కావలివాడు

మామూలుగా రెగ్యులేటరు ఆల్టర్నేటరు వీపుమీదనే బిగించి ఉంటుంది. కార్లకు అది చాలు. కారు బాటరీ ఇంజనును లేపటానికి కాస్త ఖర్చయి, వెంటనే నిండిపోతుంది. పడవ బాటరీ సంగతి వేరు, రాత్రంతా ఖాళీ అవుతుంది.

ఆ కావలివాడికి మూడు ఇబ్బందులు. మొదటిది వేడి. రోహిణికార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఇంజను గదిలో ఏడాది పొడుగునా రోహిణికార్తే! రెండవది దూరం. బాటరీలో ఎన్ని వోల్టులున్నవో అతనికి తెలియదు. తన పక్కన ఎన్ని ఉన్నవో అంతే తెలుసు. మధ్యలో ఉన్న తీగ సన్నదై, నూరోవంతు ఓము అడ్డు ఉన్నదనుకోండి. 55 ఆంపియర్లు పారితే దారిలోనే అర వోల్టుకు పైగా పోతుంది. కాలువ తల దగ్గర కూర్చున్నవాడు "నీళ్ళు నిండుగా ఉన్నాయి" అనుకుని మడవ కట్టేస్తే, చివరి మడి ఎండిపోయినట్టే గదా! మూడవది, బాటరీ వెచ్చగా ఉన్నదో చల్లగా ఉన్నదో అతనికి తెలియదు. అందుకే 55 రాసి ఉన్న యంత్రం 20 ఇచ్చి ఊరుకుంటున్నది.

సరంగు కొత్తగా 100 ఆంపియర్ల ఆల్టర్నేటరు బిగించి, రెగ్యులేటరును మటుకు బయటికి తెచ్చి, గాలి తగిలే గోడకు తగిలిస్తాడు. దాన్నుంచి సన్నని తీగలు సరాసరి బాటరీ దగ్గరికి పోతాయి. బాటరీకి ఒకటి, ఆల్టర్నేటరుకు ఒకటి వేడి కనిపెట్టే బొట్లు అతికిస్తాడు. ఇప్పుడు కావలివాడికి కళ్ళు వచ్చాయి.

అతను ఎట్లా పని చేస్తాడో చూడండి. 12 వోల్టుల బాటరీ బాగా ఖాళీగా ఉన్నప్పుడు మడవ బార్లా తీస్తాడు. వోల్టులు మెల్లిగా పెరిగి 14.4 దగ్గరికి వస్తాయి. అక్కడినుంచి వోల్టులు పెరగనివ్వకుండా పట్టి ఉంచుతాడు. బాటరీ నిండేకొద్దీ తాగటం తగ్గిస్తుంది. చంటిపిల్లవాడు కడుపు నిండేకొద్దీ మెల్లిగా తాగినట్టన్నమాట. పూర్తిగా నిండిన తరవాత 13.5 చుట్టుపక్కలకు దించి, ఆవిరయినంతమటుకే నీరు పెట్టే రైతులాగా కొద్దికొద్దిగా ఇస్తాడు. బాటరీ వేడెక్కితే, 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకీ వోల్టులో సుమారు నలభయ్యో వంతు తగ్గిస్తాడు. 40 డిగ్రీలుంటే 14.4 కాస్తా 14కు దిగుతుంది. ఆల్టర్నేటరే కాగిపోతున్నదనిపిస్తే దాని పని కూడా తగ్గిస్తాడు. వంద కిలోలు ఎత్తగల హమాలీకి డెబ్బయి కిలోలు ఎత్తితే పొద్దస్తమానం మొయ్యగలడు. వంద ఎత్తితే మధ్యాహ్నానికే కూలబడతాడు.

అయితే 100 బదులు 300 ఆంపియర్ల యంత్రం పెడితే ఇంకా మంచిది గదా అనకండి! 240 ఆంపియర్-గంటల మామూలు సీసపు బాటరీలు గంటకు 60 ఆంపియర్లకంటే ఎక్కువ తాగలేవు. బలవంతాన పోస్తే లోపలి నీరు విడిపోయి హైడ్రోజను వాయువు అవుతుంది. దానికి నిప్పురవ్వ తగిలితే బాటరీ పేలి ఆసిడ్ చిమ్ముతుంది. బాటరీ గదికి గాలి ఆడాలనీ, అక్కడ బీడీ వెలిగించగూడదనీ అనేది అందుకే.

ఇంకొక సంగతి. ఏ శక్తీ ఊరికే రాదు. 14 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లంటే 1,400 వాట్లు. ఆల్టర్నేటరు మింగిన శక్తిలో సగానికి కాస్త ఎక్కువే కరెంటవుతుంది, మిగిలినది వేడిగా పోతుంది. కాబట్టి ఇంజనునుంచి అది మూడు హార్సుపవరుకు పైగా లాగుతుంది. ఆ బరువుకు పాత సన్న బెల్టు జారి మాడుతుంది. అందుకని సరంగు వెడల్పు బెల్టు వేస్తాడు, లావు రాగితీగలు వేస్తాడు, బాటరీ దగ్గర ఫ్యూజు పెడతాడు. యంత్రాన్ని ఒక్కదాన్నే పెద్దది చేసి మిగిలినవాటిని వదిలేస్తే లాభం లేదు.

అన్నీ అయినాక పనివాళ్ళను హెచ్చరిస్తాడు: "ఇంజను తిరుగుతూండగా బాటరీ తీగ ఊడదియ్యొద్దబ్బా!" నిండుగా పారే కాలువకు ఒక్కసారిగా అడ్డం వేస్తే గట్టు తెగుతుంది. ఇక్కడ కూడా దారి మూసుకుపోయిన కరెంటు వోల్టులను ఒక్కసారిగా పైకి ఎగదన్ని డయోడ్లను కాల్చేస్తుంది.

చీకట్లో ఒక చెవి

ఇంత శ్రమ దేనికంటారా? 1989 నవంబరులో థాయిలాండు సింధుశాఖలో ఒక తుఫాను లేచింది. ఆ దేశాన్ని అడ్డంగా దాటి, బంగాళాఖాతంలోకి వచ్చి మళ్ళీ బలం పుంజుకుని, మన కావలి దగ్గర తీరాన్ని కొట్టింది. అంత దూరాన పుట్టిన గాలి వస్తున్నదని నడిసముద్రంలో ఉన్నవాడికి చెప్పేదెవరు? వైర్లెసు చెప్పాలి. 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి జీశాట్-6 అనే ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపారు. దాని సాయంతో చేపల పడవలకు కబురు పంపేందుకూ, పడవలనుంచి కబురు అందుకునేందుకూ పరికరాలు తయారు చేశారు. కాని ఆకాశంలో ఉపగ్రహం ఎంత గొప్పదైనా, పడవలో బాటరీ చచ్చిపోతే ఆ కబురు వినే చెవి మూసుకుపోతుంది. ఒడ్డున ఎదురుచూసే ఇంటివాళ్ళకు కూడా ఏ కబురూ అందదు.

చేసి చూడండి

పాత ఆటబొమ్మలోంచి చిన్న మోటారు తీసి దాని ఇరుసును వేళ్ళతో తిప్పండి. తరవాత దాని రెండు తీగల కొనలనూ ఒకదానికొకటి కలిపి తిప్పండి. ఇందాకటికంటే బరువుగా తిరుగుతుంది. ఫారడే రహస్యం మీ వేళ్ళకే తెలుస్తుంది. ఇప్పుడు తీగలకు చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపం తగిలించి, ఇరుసుకు దారం చుట్టి జోరుగా లాగండి. వేగం చాలితే దీపం మినుక్కుమంటుంది. వెలగకపోతే దీపం కాళ్ళు అటూ ఇటూ మార్చి మళ్ళీ లాగండి. ఒక వైపునే వెలుగుతుంది, ఎందుకంటే అదీ ఒక డయోడే. ఇంట్లో గోడకున్న కరెంటు ప్లగ్గు జోలికిగాని, మోటారుసైకిలు బాటరీ జోలికిగాని మటుకు పోకండి.

జూన్ 15న మన పడవ మళ్ళీ కడలిమీదికి పోతుంది. రాత్రి ఇంజను ఆపుతారు, దీపం వెలుగుతూ ఉంటుంది, వైర్లెసు గుసగుసలాడుతూ ఉంటుంది. తెల్లవారి సరంగు తాళంచెవి తిప్పగానే ఇంజను గుర్రుమని లేస్తుంది. గోడకు తగిలించి ఉన్న చిన్న పెట్టె మళ్ళీ మడవ తీస్తుంది.