బళ్లారిలో చదివిన కెన్యా ఉపాధ్యక్షుడు

కెన్యా రెండో ఉపాధ్యక్షుడు జోసెఫ్ మురుంబి చదువుకున్నది మా అనంతపురం పక్కనే ఉన్న బళ్లారిలో. ఈ సంగతి మా జిల్లాలో ఎంత తక్కువమందికి తెలుసో తలుచుకుంటే బాధేస్తుంది.

ఆయన తండ్రి గోవా నుంచి వెళ్లి తూర్పు ఆఫ్రికాలో స్థిరపడ్డ వ్యాపారి. తల్లి మసాయి తెగ స్త్రీ. 1911లో పుట్టిన ఆ పిల్లవాణ్ణి చిన్నతనంలోనే చదువుకని సముద్రం దాటించారు. బెంగళూరులో కొంతకాలం, తర్వాత బళ్లారి సెయింట్ పాంక్రాస్ బడిలో. బళ్లారి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. కన్నడం, తెలుగు రెండూ వినబడే ఆ వీధుల్లో మన మాట ఆయన చెవిన పడకుండా ఉంటుందా!

పెద్దయ్యాక తిరిగి వెళ్లి గుమాస్తా పనులు చేశారు. సొమాలియాలో పదేళ్ల ఉద్యోగం ముగించుకుని 1952లో కెన్యా చేరేసరికి దేశం భగ్గుమంటోంది. అక్టోబరు 20న బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టి కెన్యా ఆఫ్రికన్ యూనియన్ నాయకుడు జోమో కెన్యాటాను, ఆ సంస్థ ముఖ్యుల్ని ఒక్కరాత్రిలో పట్టుకుపోయింది. ఎవరు ముందుకొచ్చినా జైలే అన్న ఆ వేళ యూనియన్ తాత్కాలిక ప్రధాన కార్యదర్శి బాధ్యత మురుంబి నెత్తికెత్తుకున్నారు. కపెంగూరియాలో కెన్యాటా మీద జరిగిన విచారణకు లాయర్లను సమకూర్చే పనిలో ఆయనకు తోడు నిలిచినవాడు పియో గామా పింటో, నైరోబీలో పుట్టిన గోవా యువకుడు. మన దేశం నుంచి దివాన్ చమన్‌లాల్ కూడా ఆ కేసు వాదించడానికి వెళ్లారు.

1953లో మురుంబి దేశం విడిచిపెట్టాల్సి వచ్చింది. దాదాపు తొమ్మిదేళ్లు పరాయి నేల మీదే. లండన్‌లో మొరాకో రాయబార కార్యాలయంలో పొట్టపోసుకుంటూ, మిగిలిన పొద్దంతా వలస దేశాల విముక్తి కోసం తిరిగారు. ఆఫ్రికా మీద వచ్చిన పాత పుస్తకాలు ఎక్కడ దొరికినా కొనడం ఆ రోజుల్లోనే అలవాటైంది.

1963లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆయన మంత్రి అయ్యారు, తర్వాత విదేశాంగం చూశారు. 1965 ఫిబ్రవరిలో పింటోను నైరోబీలో ఇంటి ముందే కాల్చి చంపారు. ఆ దెబ్బ నుంచి మురుంబి తేరుకోలేదు. చుట్టూ నాయకులు భూములు పోగేసుకుంటున్నారు. 1966 మేలో ఉపాధ్యక్షుడై, ఆ ఏడాది గడవకుండానే పదవి వదిలేశారు. అంత కుర్చీని అంత త్వరగా కాదనుకున్న మనిషి మన రాజకీయాల్లో కూడా అరుదు.

ఆ తర్వాత వ్యాపారం. రోత్‌మన్స్ సిగరెట్ కంపెనీ కెన్యా శాఖకు ఛైర్మన్‌గా కూర్చున్నారు. సిగరెట్ల సంపాదన నాకు మింగుడుపడదు, ఆ మాట చెప్పి తీరాలి. కానీ ఆయన మనసు పెట్టిన వ్యాపారం వేరే ఉంది. 1970ల మొదట్లో అలన్ డొనొవన్ అనే అమెరికన్‌తో కలిసి నైరోబీలో ఆఫ్రికన్ హెరిటేజ్ గ్యాలరీ తెరిచారు. మసాయి పూసల పని, పశ్చిమ ఆఫ్రికా నేత బట్టలు, చెక్క శిల్పాలు ఒక్క కప్పు కింద అమ్మకానికి పెట్టారు. యూరప్ మ్యూజియాలకు తరలిపోయే సరుకు ఆఫ్రికా నడిబొడ్డునే విలువ సంపాదించుకోవాలన్నది ఆయన పంతం. ఆయన చేసిన స్వాతంత్ర్య పోరాటంలో ఇది రెండో అంకమని నేను నమ్ముతాను.

నాకు స్టాంపుల పిచ్చి ఉంది కాబట్టి ఆయన స్టాంపుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆఫ్రికా దేశాల స్టాంపుల్ని ఆయనంత శ్రద్ధగా పోగుచేసినవారు కొద్దిమందే. నా ఆల్బంలో 1895 నాటి అర్ధణా స్టాంపు ఒకటుంది. ఆకుపచ్చ రంగు, విక్టోరియా రాణి బొమ్మ, అచ్చంగా మన ఇండియా స్టాంపే. దాని మీద నల్ల సిరాతో మూడు వరుసల్లో 'బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా' అని గుద్దేశారు. అక్కడ చెలామణీ కూడా మన రూపాయే, 1920 దాకా. దొరల దృష్టిలో రెండు నేలలూ ఒకే కచేరీలో రెండు గదులు. భూతద్దం పెట్టి ఆ ముద్ర చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ చరిత్రకు సాక్ష్యాలన్నీ ఆఫ్రికావాళ్ల చేతిలోనే ఉండాలని ఆయన ఎందుకంత పట్టుబట్టారో కూడా తెలుస్తుంది.

1900కు ముందు అచ్చయిన పుస్తకాలే ఆయన దగ్గర 8,000కు పైగా ఉండేవి. విదేశాల వాళ్లు పెద్ద మొత్తాలు ఇస్తామన్నా కాదని, 1976లో పుస్తకాలు, కళాఖండాలతో పాటు నైరోబీలో ముతైగా పేటలోని తన ఇంటిని కూడా కెన్యా ప్రభుత్వానికే తక్కువ ధరకు ఇచ్చారు. ఆ ఇంట్లో ఆఫ్రికా అధ్యయన సంస్థ పెడతామని సర్కారు మాటిచ్చింది. సంస్థ రాలేదు, ఇల్లు కూల్చేశారు. ఇది క్షమించరాని పని. 1990 జూన్‌లో మురుంబి కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు నైరోబీ సిటీ పార్కులో, పింటో సమాధికి దగ్గరలోనే ఖననం చేశారు.

ఆయన సేకరణ మాత్రం దక్కింది. నైరోబీలోని కెన్యా జాతీయ ఆర్కైవ్స్ భవనంలో మురుంబి గ్యాలరీ పేరిట చూడవచ్చు. ఆ భవనం ఒకప్పుడు ఒక బ్యాంకుది. సింహాల్ని చూడటానికి కెన్యా వెళ్లే మనవాళ్లు నైరోబీలో ఒక పూట ఉండి, అక్కడికి కూడా వెళ్లిరావాలి.