తవ్వకుండా వెదికే నిధి

నల్లమల అంచు ఊళ్లలో గుప్తనిధి అనగానే గునపం, పార తలపునకు వస్తాయి గాని, జియోకాషింగ్ అనే ఆటలో నేలను తవ్వడం నిషిద్ధం. ఉపగ్రహాల సాయంతో స్థానాన్ని తెలిపే జీపీఎస్‌లో, పౌరులకు అందే సంకేతాలలో కావాలని కలిపిన దోషాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో తొలగించగా, మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించడంతో ఈ ఆట మొదలైంది. (ఆ తొలి బకెట్టును సగం నేలలో పాతిపెట్టడం వేరే సంగతి.) దొరికిన పెట్టెలోని పుస్తకంలో పేరు రాసి, దానిని యథాస్థానంలో ఉంచి రావడమే ఆట.

కొన్ని పెట్టెల విషయంలో ప్రకటించిన చోట ఏమీ ఉండదు. చిక్కుముడి విప్పినవారికే అసలు స్థానం తెలుస్తుంది. అంకెలను అక్షరాలలో దాచే కటపయాది పద్ధతి మనకు పాతదే. అందులో హల్లుకొక అంకె ఉండగా, వాటిని కుడినుంచి ఎడమకు పేర్చాలి కనుక, ‘ధీర’లో ధ తొమ్మిది, ర రెండు అయి 29 వస్తుంది, ధీరశంకరాభరణం 29వ మేళకర్త అని సంగీతజ్ఞులు గుర్తించేది ఇలాగే. నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ ఉత్తర అక్షాంశం 15, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల గడిలోనే ఉన్నందున, ఇక్కడ దాచవలసింది డిగ్రీలో అరవయ్యో వంతైన నిమిషాలనే. ఒక్క నిమిషం తప్పినా వెదికే మనిషి రెండు కిలోమీటర్ల దాకా పక్కకు పోయి, వేరే ఊరి చేలో తేలతాడు.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపు సాగే రిజర్వు అడవిలో పెట్టెలు వదలడం తగదు. అక్కడికి సరిపడేది 2004లో మొదలైన ఎర్త్‌కాష్ అనే రకం. ఇందులో పెట్టె ఉండదు, నేల స్వభావాన్ని గమనించి ప్రశ్నలకు జవాబివ్వాలి. 1872లో విలియం కింగ్ వివరించిన కర్నూలు శిలాశ్రేణిలో, అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, ఆపైన నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ పైన నంద్యాల షేల్ ఉంటాయి. క్వార్ట్‌జైట్ ఇసుక గట్టిపడినది, షేల్ బురద గట్టిపడి రేకులుగా విడిపోయేది. నార్జి తప్ప మిగిలినవి నంద్యాల జిల్లా బస్సుల బోర్డుల మీది పేర్లే కావడం చిక్కుముడి కట్టేవారికి వరం: అడుగునుంచి లెక్కిస్తే ఔకు 3, పాణ్యం 4, నంద్యాల 6.

సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడిన బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున్నాయి గాని, ఉపగ్రహ సంకేతాలు భూగర్భంలోకి అందవు కనుక, ముఖద్వారపు అంకెలు మాత్రమే ఇచ్చి, లోపలి దారినంతా ప్రశ్నలతోనే నడిపించాలి.