ముక్కలన్నియు ఒకే కొలత ఏల?

2005లో బి.ఎస్.ఎన్.ఎల్. ప్రారంభించిన బ్రాడ్‌బ్యాండు నర్సీపట్నము వంటి ఊళ్లకు పాత టెలిఫోను రాగితీగ మీదనే వచ్చినప్పుడు, ఇంటిలోని మోడెము ఒక వింతపని చేయుచుండెను: పంపవలసినది చిన్న జాబైనను, పెద్ద ఛాయాచిత్రమైనను, దానిని సరిగా 53 బైట్ల ముక్కలుగా తరిగి పంపెడిది. బైటనగా ఒక ఆంగ్లాక్షరము పట్టునంత చోటు. చివరి ముక్క నిండనిచో వట్టి బైట్లతో నింపెడిది. ఈ పద్ధతి పేరు ఏ.టి.ఎం.; బ్యాంకు యంత్రముతో దీనికి సంబంధము లేదు.

ఎందులకీ పట్టుదల? చింతపల్లి ఘాటుదారిలో పొడవైన దుంగల లారీ ఇరుకు వంతెన నెక్కినచో, వెనుకనున్న తపాలా సైకిలు దాని తోక దాటువరకు ఆగవలసినదే. దుంగలను సమానమైన తునకలుగా కోసి చిన్న బండ్లపై పంపినచో, రెండు బండ్ల నడుమ సైకిలు దూరిపోగలదు. ఇచట దుంగలు ఛాయాచిత్రము వంటివి, సైకిలు టెలిఫోను మాట వంటిది. చిత్రము కొంత ఆలస్యమైనను నష్టము లేదు గాని, మాట తడబడినచో సంభాషణయే చెడును.

ప్రతి ముక్కలో మొదటి 5 బైట్లు చీటీ. తక్కిన 48 సరకు. చీటీపై పూర్తి చిరునామా ఉండదు, దానికి బదులు దారి సంఖ్య యుండును. దారి ముందే నిర్ణయమై యుండుటచే, నడుమనున్న యంత్రము తన పట్టికలో ఆ సంఖ్యను చూచి, ఏ ద్వారమున పోవలెనో గ్రహించి, పాత సంఖ్య చెరిపి క్రొత్తది వ్రాసి ముందునకు పంపును. కొలత ఒక్కటే గనుక ముక్క ఎచట ముగియునో వెదకు పని లేదు.

48 అను సంఖ్య కథ మరింత ముచ్చటైనది. అమెరికావారు 64, ఐరోపావారు 32 కోరిరి. టెలిఫోను మాట సెకనుకు 8000 బైట్లగును గనుక 32 నిండుటకు 4, 64 నిండుటకు 8 మిల్లీసెకన్లు పట్టును. ఆలస్యము పెరిగినకొలది ప్రతిధ్వని బాధించునని ఐరోపావారి భయము. 1980వ దశకాంతమున ఇరువురును నడిమి సంఖ్యకు ఒప్పుకొనిరి.