కండక్టరు ఎక్కిన మెట్లు

రెండవ ప్రపంచ యుద్ధానంతరము బ్రిటనులో, నిన్నటివరకు దృఢకాయులుగ తిరిగిన నడివయస్సు పురుషులు గుండెపోటున హఠాత్తుగ కూలిపోవుట యేటేట హెచ్చుచుండగా, సూక్ష్మక్రిములపై నేరము మోపుటకు వీలులేని యీ క్రొత్త యాపదకు మూలమేదియో చెప్పగలవారు వైద్యలోకమున లేకపోయిరి. ఆ ప్రశ్నను చేపట్టిన జెరెమియా మోరిస్ 1910లో లివర్‌పూలున జన్మించి, గ్లాస్గోలో పెరిగి, యుద్ధకాలమున సైనిక వైద్యుడుగ మన దేశములోను పనిచేసి వెళ్లినవాడు. 1948లో స్థాపితమైన సాంఘిక వైద్య పరిశోధనా విభాగమునకు ఆయన నాయకుడయ్యెను.

రోగవ్యాప్తి శాస్త్రజ్ఞుడు పరీక్షించునది ఒక్క రోగిని కాదు, జనసమూహమును. అతడు చదువునవి సెలవు చీటీలు, మరణ ధ్రువపత్రములు, ఉద్యోగుల పట్టీలు. ఒక సమూహములో ఇంతమంది వ్యాధిగ్రస్తులు కాగా, తక్కిన విషయములన్నిట దానిని పోలిన వేఱొక సమూహములో అంతమంది యేల కాలేదని అతడు ప్రశ్నించును. అట్టి జంట సమూహములు దొరకుటయే కష్టము. లండను నగరపు రెండంతస్తుల బస్సు వానిని మోరిస్ కన్నుల యెదుట నిలిపెను.

ఒకే సంస్థ కొలువులో, ఒకే వీధులలో, ఒకే పొగలో తిరుగు ఇరువురిలో, డ్రైవరు పనివేళ దాదాపు అంతయు కూర్చుండియే గడుపుచుండెను. కండక్టరో, టిక్కెట్ల నిమిత్తము క్రిందికిని మీదికిని తిరుగుచు దినమునకు 500 నుండి 750 వరకు మెట్లెక్కుచుండెను. 1949లో ఆరంభమై, సుమారు 31,000 మంది రవాణా కార్మికుల వివరములను జల్లించిన పరిశోధన ఫలితములు 1953లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడెను. కండక్టర్లకు హృద్రోగము తక్కువగ వచ్చుచుండెను. వచ్చినను ఆలస్యముగ వచ్చుచుండెను. వెనువెంటనే ప్రాణము తీయుటయు అరుదుగ నుండెను. నడిచియు సైకిలు త్రొక్కియు ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులకును, బల్లకడ కూర్చుండు గుమాస్తాలకును నడుమ ఇట్టి భేదమే కనబడెను.

ఇక్కడితో తృప్తిపడినచో ఆయనకు కీర్తికి లోపముండెడిది కాదు. కాని ఆయన తన సిద్ధాంతమునకు తానే ప్రతివాదియై నిలిచెను. స్థూలకాయులే కోరి డ్రైవరు పనిలో చేరుచున్నారేమో! అట్లయిన, మెట్లకు దక్కిన గౌరవము న్యాయము కాదు. దీనిని తేల్చుటకు ఆయన ఆశ్రయించినది ఉద్యోగులకు సంస్థ కుట్టించి యిచ్చిన దుస్తుల లెక్కలను. పంట్లాముల నడుము కొలతలు చూడగా, చిన్నవయస్సు డ్రైవర్ల నడుములు సైతము కండక్టర్ల నడుములకంటె పెద్దవని తెలిసెను. 1956లో ఆ సంగతిని దాచక ప్రకటించెను. తరువాతి విచారణలో, సన్నని నడుమైనను లావుపాటి నడుమైనను, కండక్టరుకే అపాయము తక్కువని స్థిరపడెను. దర్జీవాని కొలతలో సత్యమును వెదకిన ఈ ఘట్టమే ఆయన పరిశోధనలన్నిటిలో నాకు మిక్కిలి పూజ్యముగ తోచును. తనకు ప్రతికూలము కాగల సాక్ష్యమును తానే వెదకి తెచ్చుకొనువాని మాటనే లోకము నిశ్చింతగ నమ్మవచ్చును.

యంత్రములు పెరిగి శరీరశ్రమ తఱిగిపోవు కాలమున, తీరిక వేళల వ్యాయామమైనను గుండెను కాపాడునా యని ఆయన పిమ్మట విచారించెను. సుమారు 17,000 మంది ప్రభుత్వోద్యోగులు, గడచిన శుక్ర శనివారములలో తాము చేసిన పనులను అయిదేసి నిమిషముల చొప్పున సోమవారము ఉదయమున వ్రాసి యిచ్చిరి. ఈత, పరుగు వంటి గట్టి వ్యాయామము చేయువారికి హృద్రోగ భయము తక్కినవారిలో మూడవవంతు మాత్రమేయని 1973లో తేలెను. ఆయనయు హాంప్‌స్టెడ్ హీత్ మైదానమున పరుగెత్తుట అలవరచుకొనెను.

2009లో 99వ యేట మరణించిన ఆ మహనీయునికి తొంబదవ పడిలోను ఉద్యోగ విరమణ యన్నది లేదు. 2000లో సహచరులతో కలసి ఆయన ప్రకటించిన లెక్క వేఱొకటి: ఒంటరి యువ కార్మికుడు ఆరోగ్యముగ జీవించుటకు ఆహారము, ఇంటి అద్దె, ప్రయాణము, వ్యాయామము, స్నేహితులతో కాలక్షేపము, వీనికన్నిటికి వారమునకు కనీసమెంత ఆదాయము కావలయునో అందులో పద్దు పద్దుగ లెక్కించి చూపెను.