కాగితం మీద ఒక జీపు, రోడ్డు మీద ఇంకొకటి

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. ఆ రోజుల్లో భవనం దాటి కాస్త దూరం పోతే తారు రోడ్డు అయిపోయి, గుండ్ల మధ్య మట్టిబాట మొదలయ్యేది. ఖాజాగూడ గుట్టలు, నార్సింగి, కోకాపేట, ఇంకా ముందుకెళ్తే గండిపేట. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాడికి ఆదివారం పొద్దుట ఇంతకన్నా ఏం కావాలి? తొలి తరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఈ పిచ్చి పట్టినవాళ్లు కొత్త కారు జోలికి పోకుండా పాత మహీంద్రా జీపో, మారుతి జిప్సీయో కొన్నారు. కొని ఊరుకోలేదు. టైర్లు మార్చారు, కమాన్ కట్టలు మార్చారు, స్టీరింగ్ మార్చారు, చివరికి కొందరు ఇంజనే మార్చేశారు.

ఇప్పుడు ఆ తరం యాభైల్లో పడింది. 2023 ఆగస్టు వేలంలో కోకాపేట భూమి ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. జీపులు ఎక్కిన గుట్టల పక్కన ఆకాశానికి నిచ్చెన వేసినట్టు టవర్లు లేచాయి. బురద తొక్కాలంటే వికారాబాద్ దాకా, అనంతగిరి దాకా పోవాలి. ఎత్తు పెంచిన జీపు, పైన క్యారియర్ ఉంటే, టెక్ పార్కు సెల్లార్‌లోకి దూరదు. అపార్ట్‌మెంట్‌లో ఉన్న రెండు పార్కింగులకూ ఇంట్లో వేరే హక్కుదారులు తయారవుతారు. అలా ఒక రోజు బండి అమ్మకానికి వస్తుంది. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత నిజమేనని తెలిసేది అప్పుడే.

ఈ బండ్ల మీద అంత మోజు ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు తెలుగు ఊళ్లలో జీపు వచ్చిందంటే సర్కారు వచ్చినట్టే. తహసీల్దారు దిగినా, ఎస్సై దిగినా, ఫారెస్టు రేంజరు దిగినా అందులోంచే. ఎన్నికలొస్తే మైకు కట్టుకుని తిరిగిందీ అదే. 1980ల్లో ప్యూజో డిజైన్‌తో చేసిన 2.1 లీటర్ల డీజిల్ ఇంజన్‌తో ఎంఎం 540 వచ్చింది. 1985 చివర్లో మారుతి జిప్సీ దిగింది. దానిది 970 సీసీ పెట్రోల్ ఇంజన్, బలం 45 గుర్రాలు. కాగితం మీద చూస్తే ఇదేం బండి అనిపిస్తుంది కానీ, బరువు తక్కువ కావడంతో మహీంద్రాలు దిగబడిన చోట అది తేలికగా బయటపడేది. 1996లో 1300 సీసీ ఇంజన్‌తో జిప్సీ కింగ్ వచ్చింది. 2019లో కొత్త భద్రతా ప్రమాణాలు అమల్లోకి వచ్చేసరికి జనానికి అమ్మకం ఆగిపోయింది. సైన్యం మాత్రం దాన్ని వదల్లేదు. జబల్‌పూర్ వాహన కర్మాగారంలో నిస్సాన్ లైసెన్సుతో తయారైన జోంగా కథ వేరు. నాలుగు లీటర్లకు కాస్త తక్కువ పెట్రోల్ ఇంజన్, దానికి తగ్గ దాహం. 2019లో ధోనీ రాంచీలో జోంగా నడుపుతూ కనిపించాక, అంతకుముందు ఆ పేరు విననివాళ్లు కూడా ‘ఎక్కడ దొరుకుతుంది?’ అని అడగడం మొదలుపెట్టారు.

మోజు బాగానే ఉంది. కానీ ధర?

అమ్మేవాడి లెక్క ఒకటి ఉంటుంది. బండి కొన్న ధర, ఇంజన్ బోరు చేయించిన ఖర్చు, పవర్ స్టీరింగ్, ముందు డిస్క్ బ్రేకులు, పెద్ద టైర్లు, రోల్ కేజ్, విన్చ్, రెండుసార్లు పెయింటు, అన్నీ కలిపి ఒక అంకె. కొనేవాడు అందులో సగం వస్తువులకు పైసా ఇవ్వడు. ఒకడికి ముద్దొచ్చిన మార్పు ఇంకొకడికి పీకి పారేయాల్సిన ఖర్చు. నిజానికి ఈ బజారులో డబ్బులు తిరిగొచ్చేది మూడింటికే: తుప్పు పట్టని ఛాసిస్, కంపెనీ ఇంజన్, నిఖార్సైన ఆర్సీ. పాత సీట్లు, పాత రిమ్ములు, కంపెనీ ఎయిర్ క్లీనర్ డబ్బా లాంటివి తీసి అటక మీద భద్రంగా దాచుకున్నవాడు అదృష్టవంతుడు. వాటితో కలిపి అమ్మితే బండి విలువ పెరుగుతుంది. తుక్కు కింద వేసినవాడు ఇప్పుడు వాటి కోసమే షాపులన్నీ తిరగాలి.

పైగా 2020 అక్టోబరు 2న కొత్త థార్ వచ్చాక కొనేవాళ్ల గుంపు మారింది. ఏసీ, ఆటోమేటిక్ గేర్లు, ఎయిర్‌బ్యాగులు ఉన్న జీపు షోరూంలోనే దొరుకుతుంటే, సరదా కోసం కొనేవాళ్లు అటే పోయారు. ముప్ఫై ఏళ్ల బండి కోసం ఫోన్ చేసేవాడు ఇప్పుడు ఇద్దరిలో ఒకడు. మొదటివాడు నిజంగా తెలిసినవాడు, రెండోవాడు కాలక్షేపానికి వచ్చినవాడు. తేడా తేలిగ్గానే తెలుస్తుంది. కాలక్షేపపు మనిషి ‘లాస్ట్ ప్రైస్ ఎంత అన్నా?’ అంటూ మొదలుపెడతాడు. తెలిసినవాడు రాగానే బానెట్ మీద చెయ్యి పెడతాడు. ఇంజన్ వెచ్చగా తగిలిందంటే తను రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లగా ఉన్న డీజిల్ ఇంజన్ ఎన్ని తిప్పులకు అందుకుంటుంది, మొదటి పొగ ఏ రంగులో వస్తుంది, అది ఎంతసేపటికి తగ్గుతుంది అన్నవి చూస్తాడు. తర్వాత నేల మీద పడుకుని టార్చి వేస్తాడు. కమాన్ కట్టలు ఛాసిస్‌కు తగిలే చోట, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట పగుళ్లున్నాయా, వెల్డింగ్ అతుకులున్నాయా అని వెతుకుతాడు. చివరికి లో గేరు వేయించి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో చూస్తాడు. ఏళ్ల తరబడి ఫోర్ వీల్ వెయ్యని బండిలో ఆ లివర్ బిగుసుకుపోవడం మామూలే.

అతని అసలు ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది: ‘ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కిందా సార్?’

ఎక్కువ బేరాలు చెడేది ఇక్కడే. ఆర్సీలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇంధనం, సీసీ, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు అన్నీ రాసి ఉంటాయి. పెట్రోల్ జీపులో డీజిల్ ఇంజన్ వేయడం మన ఊళ్లలో ఒకప్పుడు మామూలు విషయం. డీజిల్ చవక, మైలేజీ ఎక్కువ. మెకానిక్ రెండు రోజుల్లో బిగించి ఇచ్చేవాడు. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆర్సీలో రాయించుకున్నవాళ్లు మాత్రం తక్కువ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. ఇంజన్ మార్పు, ఇంధనం మార్పు లాంటివి ముందుగా అనుమతి తీసుకుని, ఆర్సీలో నమోదు చేయించాలి. ఈ విషయంలో సందేహాలేమైనా ఉంటే 2019 జనవరి 9న సుప్రీంకోర్టు తీర్చేసింది. కేరళకు చెందిన ప్రాంతీయ రవాణాధికారి, జయచంద్ర అనే యజమాని మధ్య నడిచిన కేసులో, రాష్ట్ర నిబంధనలు ఏమన్నా సరే, తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని తేల్చింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణ, ఇలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడే వీలు కల్పించింది.

అంటే ముచ్చటపడి చేయించిన ప్రతి మార్పూ అమ్మే రోజున ఒక ప్రశ్నగా తిరిగొస్తుంది. హర్యానాలోని మండీ డబ్వాలీ ఇలాంటి మోడిఫైడ్ జీపుల తయారీకి దేశమంతా పేరున్న ఊరు. అక్కడి నుంచి వచ్చిన బండి చూడటానికి కన్నులపండువగా ఉంటుంది. కొనేముందు చూడాల్సింది మాత్రం దాని ఛాసిస్ నంబరు.

‘వింటేజ్’ అని ప్రకటనలో రాసుకుంటే ధర పెరుగుతుందని కొందరి ఆశ. ఆ మాటకు చట్టంలో కచ్చితమైన అర్థం ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటినదే వింటేజ్ వాహనం. అదీ ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. అలాంటి వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. ఈ లెక్కన 1988 నాటి మార్పులు చేసిన జీపు వింటేజ్ కాదు, కొత్తదీ కాదు. దేశంలో ఇంతమంది దాచుకున్న బండ్లకు చట్టంలో సరైన గది లేకపోవడం పెద్ద లోటే.

ఆ గది లేనందువల్ల అలాంటి జీపు మామూలు పాత కారుకు పడే లెక్కలోనే పడుతుంది. మొదటి 15 ఏళ్లు అయ్యాక ప్రతి అయిదేళ్లకూ ఆర్సీ రెన్యువల్ చేయించాలి. కారు తరగతికి ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు అదనం. రెన్యువల్‌కు బండిని చూపించాలి. ఛాసిస్ పట్టీ మీది నంబరు కనిపించాలంటే పాతికేళ్ల గ్రీజు, మట్టి, దాని మీది పెయింటు కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. పలచని కాగితం అద్ది, పెన్సిల్ రుద్ది అచ్చు తీయాలి. తుప్పు తినేసి ఒక్క అంకె చదవడానికి రాకపోయినా పని ఆగిపోతుంది. కొందరికి ఆ బండి ఎంత పాతదైందో అప్పుడే అర్థమవుతుంది. కాబట్టి గడువు దాటిన ఆర్సీతో అమ్మకానికి పెట్టడం తెలివైన పని కాదు. రెన్యువల్ చేయించి పెడితే ఖర్చు కన్నా ఎక్కువే ధరలో తిరిగొస్తుంది.

ఇంకో చిక్కు రాష్ట్రం రెండుగా విడిపోయిన 2014 జూన్ 2న పుట్టింది. హైదరాబాద్ ఏపీ 09 నంబరున్న బండిని అంతకుముందు కాకినాడవాడు కొన్నా అదే రాష్ట్రం. ఇప్పుడు నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, అక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి, మళ్లీ నంబరు వేయించుకోవాలి. విజయవాడ, రాజమండ్రి, కాకినాడల నుంచి వచ్చే బేరాల్లో ఈ ఖర్చు ఎవరిదన్నది ముందే తేల్చుకోకపోతే బయానా ఇచ్చాక గొడవే.

అమ్మినవాడి బాధ్యత తాళం చెవులు ఇచ్చేయడంతో తీరిపోదు. యాజమాన్యం మారినట్టు రాష్ట్రంలోనే అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 అన్నవి దీనికే. చాలామంది వాటి మీద సంతకాలు పెట్టి, తేదీ ఖాళీగా వదిలి ఇచ్చేస్తారు. అలా వదిలేస్తే ఏమవుతుందో ‘నవీన్ కుమార్, విజయ్ కుమార్’ కేసు చెబుతుంది. 2007లో అమ్మేసిన కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేసింది. ఆర్సీలో మాత్రం మొదటివాడి పేరే ఉంది. పరిహారం బాధ్యత రికార్డుల్లో పేరున్న అతనిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా పలు చేతులు మారిందే. పోలీసులు ముందుగా వెళ్లింది రికార్డుల్లో పేరున్న పాత యజమాని దగ్గరికే.

డీలరుకు అమ్మేవాళ్లకు 2023 ఏప్రిల్ నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. రవాణా శాఖ అనుమతి ఉన్న డీలరుకు బండి అప్పగించి ఫారం 29సి దాఖలు చేస్తే, ఆ తర్వాత బాధ్యత డీలరుది అవుతుంది. కానీ ఇలాంటి మోడిఫైడ్ జీపును తీసుకునే డీలర్లు తక్కువ, తీసుకున్నా ధర సగానికి తెగ్గొడతారు. చివరికి ఎక్కువ అమ్మకాలు ఒక జీపు మనిషి నుంచి ఇంకో జీపు మనిషికే జరుగుతాయి. అనంతగిరి దారిలో కలిసి తిరిగినవాళ్లో, ఒకే మెకానిక్ దగ్గర పని చేయించుకునేవాళ్లో కొంటారు. అక్కడ దాపరికం పనికిరాదు, ఎందుకంటే ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు మెకానిక్‌కు యజమాని కన్నా బాగా తెలుసు.

మీ దగ్గరా అలాంటి బండి ఉండి అమ్మాలనుకుంటే, ప్రకటన ఇచ్చే ముందు ఆర్సీ చేత్తో పట్టుకుని బానెట్ ఎత్తండి. నంబర్లు సరిచూడండి. మార్చినవన్నీ ఒక కాగితం మీద రాసి కొనేవాడి సంతకం తీసుకోండి. చలాన్లు కట్టేయండి. బండి వెళ్లిపోయాక కూడా ఆర్టీఏ వెబ్‌సైట్‌లో యజమాని పేరు మారిందో లేదో చూసుకోండి. మారేదాకా ఆ జీపు చట్టం దృష్టిలో మీదే.