అన్నియు మొలలే కావు

విరేచనములో రక్తము కనబడినదనిన, “వేడి చేసినది, మొలలు కాబోలు” అని మజ్జిగ త్రాగించి ఊరకుండుట మన నేత ఇండ్లలో పరిపాటి. పగలంతయు కూర్చొని పనిచేయువారికి మొలలు రాక ఏమగునని నవ్వుకొనుటయు కద్దు. చాలమార్లు అది మొలలే. కానినాడు మాత్రము ఆ ఊరకుండుటయే ప్రాణము మీదికి వచ్చును. అందుచే సిగ్గు విడిచి ఈ సంగతి వ్రాయుచున్నాము.

2022వ సంవత్సరమున ప్రపంచములో సుమారు 19 లక్షలమందికి పెద్దప్రేగునందో, దాని చివరనున్న పురీషనాళమునందో కాన్సరు క్రొత్తగా బయటపడినది. 9 లక్షలమంది దానిచే మరణించిరి. పాశ్చాత్యులతో పోల్చిన మన దేశమున ఈ వ్యాధి తక్కువ. అది మన రక్తపు గొప్పయని ఎవరును అనుకొనరాదు. వెనుకటి కాలమున జపానులో ఈ వ్యాధి అరుదు. హవాయి దీవులకు వలసపోయిన జపానీయులలోను, వారి బిడ్డలలోను అది అక్కడివారి స్థాయికి పెరిగినది. తిండి మారినది, పని మారినది, రక్తము మారలేదు. తాతలనాడు ఊరు విడిచి షోలాపూరు, సేలము, బరంపురము చేరిన మనకు ఈ కథ వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.

గుంటమగ్గము నేయువాని కాలుచేతులు ఆడుచునే యుండును. మగ్గము మాని దుకాణపు గద్దె నెక్కినవారి సంగతి వేరు. కదలిక లేని బ్రతుకు, నడుము చుట్టు క్రొవ్వు, పొగ, మద్యము, ఉప్పువేసియో పొగబెట్టియో నిలువచేసిన మాంసము ఈ వ్యాధికి దారులని తేలినది. ముడిధాన్యము, పీచు ముప్పును తగ్గించును. ఉగాండాలో పనిచేసిన బర్కిట్ అను శస్త్రవైద్యుడు 1971లోనే పీచును గురించి వ్రాసెను. జొన్నరొట్టె నామోషీ యనుకొను మన కుర్రవారికి ఈ ముక్క వినిపించుడు.

కుర్రవారి మాట వచ్చినది గనుక మరియొకటి. అమెరికాలో 1950 ప్రాంతమున పుట్టినవారికంటె 1990 ప్రాంతమున పుట్టినవారికి, అదే వయసున, పెద్దప్రేగు కాన్సరు ముప్పు రెండింతలు, పురీషనాళపు కాన్సరు ముప్పు నాలుగింతలని 2017లో లెక్క తేల్చిరి. 2021లో అచట పరీక్షలు మొదలిడు వయసును 50 నుండి 45కు దింపిరి. కావున “వయసులోనున్నవాడు, వానికేమి?” అను మాట చెల్లదు.

ఈ వ్యాధి సాధారణముగ ప్రేగులోపల చిన్న పిలకవలె మొలచి, కాన్సరుగ మారుటకు ఏండ్లు పట్టును. ఆలోపల గొట్టపు పరీక్షలో కనిపెట్టి పిలకను తీసివేసిన ముప్పు తప్పును. అయితే మన దేశమున ప్రభుత్వము జరుపు కాన్సరు పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖమునకే, ప్రేగునకు లేవు. పిలిచి చూచువారు లేరు గనుక మనమే పోవలెను. రక్తము పడినను, విరేచనపు అలవాటు మారి వారములు గడచినను, కారణము లేక బరువు తగ్గి మొగము పాలిపోయినను ఆలస్యము కూడదు. తలిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చియున్నచో, ఏ బాధయు లేకున్నను 40 ఏండ్లకే వైద్యుని అడుగవలెను. ఆడవారు ఈ మాట ఇంటిలోనే చెప్పుకొనరు. వారిని మనమే అడుగవలసి యుండును.

మొలలకు మందు వ్రాసిన వైద్యుడు వ్రేలితో పరీక్షింపనిచో అడిగి చేయించుకొనుడు. అది రెండు నిమిషముల పని. అనుమానము నిలిచినచో ముంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి, చెన్నై అడయారులో కాన్సరు ఇన్‌స్టిట్యూటు, బెంగుళూరులో కిద్వాయి సంస్థ కలవు. పోవునపుడు పాత మందుచీటీలన్నియు వెంట తీసికొనిపొండు.