కుర్చీ మారింది, కాంట్రాక్టు మునిగింది

సబ్బుల కంపెనీ పరాయి దేశం పోతే దుకాణం దుకాణం తిరిగి సరుకు అమ్ముకుంటది. ఎయిర్‌పోర్టు కంపెనీకి ఆ వీలు లేదు. జాగ సర్కారుది, ఆకాశం సర్కారుది, ప్రయాణికుని దగ్గర ఎంత గుంజాల్నో చెప్పేది సుత సర్కారే. అందుకే ఓడరేవులు, ఎయిర్‌పోర్టులు, రైళ్ల యాపారంల పెద్దోళ్లతోని దోస్తానా లేకుంటే అడుగు పడది. ఆ దోస్తానా ఎట్ల ఎక్కిస్తదో, ఎట్ల దించుతదో తెల్వాల్నంటే మన శంషాబాద్ ఎయిర్‌పోర్టు నడిపే జీఎంఆర్‌కు మాల్దీవుల్ల ఏమైందో చూస్తే సాలు.

2010ల మాలె ఎయిర్‌పోర్టును 25 ఏండ్లు నడిపే కాంట్రాక్టు జీఎంఆర్, మలేసియా ఎయిర్‌పోర్ట్స్ కలిసి దక్కించుకున్నయి. 50 కోట్ల డాలర్ల పైన విలువ చేసే పని. టెండరుకు సలహాలిచ్చింది ప్రపంచ బ్యాంకు గూటిల ఉండే ఐఎఫ్‌సీ. అప్పటి అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్. 30 ఏండ్లు ఏలిన గయూంను 2008 ఓట్లల్ల ఓడగొట్టి వచ్చిండు, ఢిల్లీకి దగ్గరోడు. టెండరు పద్ధతి ప్రకారమే అయిందనుకుందాం. అయినా అక్కడి జనం కండ్లల్ల అది నషీద్ తెచ్చిన కంపెనీ. ఆ ముద్ర ఒక్కసారి పడితే పోదు.

కిరికిరి మొదలైంది 25 డాలర్ల కాడ. దేశం దాటే ప్రతి ప్రయాణికుని దగ్గర అభివృద్ధి ఫీజు కింద అంత వసూలు చేస్తమని ఒప్పందంల రాసుకున్నరు. ప్రతిపక్షపోళ్లు కోర్టుకు పోయిండ్రు. ఇది పన్ను లెక్కనే, పార్లమెంటు ఒప్పుకోకుండ వసూలు చేయొద్దని 2011 డిసెంబరుల కోర్టు చెప్పింది. అప్పుడు నషీద్ సర్కారు ఏం చేసిందంటే, ఆ పైసలను సర్కారుకు కట్టే వాటాలకెల్లి కోసుకోమని కంపెనీకి చెప్పింది. జనం జేబుకెల్లి తీయొద్దని కోర్టు అంటే, ఖజానాకెల్లి తీసి ఇచ్చిండ్రన్న మాట. ఖజానా ఎవరిదో వేరే చెప్పాల్నా?

2012 ఫిబ్రవరి 7న నషీద్ గద్దె దిగిండు. ఉపాధ్యక్షుడు వహీద్ ఎక్కిండు. నవంబరు 27న కాంట్రాక్టు మొదటికెల్లే చెల్లదని కొత్త సర్కారు తేల్చింది, ఏడు రోజుల గడువు పెట్టింది. విదేశీ పెట్టుబడులకు ఇది మంచి సంకేతం కాదని ఢిల్లీ బహిరంగంగనే గరమైంది. సింగపూర్ హైకోర్టు స్టే ఇచ్చింది గని, డిసెంబరు 6న పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఎయిర్‌పోర్టును తీసుకునే హక్కు సర్కారుకు ఉన్నదని చెప్పింది. తెల్లారేసరికి జీఎంఆర్ ఖాళీ చేసుడే.

అయితె కథ అక్కడ ఆగలె. ఒప్పందం చెల్లుతదని 2014ల ఆర్బిట్రేషన్ తీర్పొచ్చింది. 2016ల మాల్దీవులు 27 కోట్ల డాలర్లు కట్టింది. ఆ దేశ జనాభా అటీటు 4 లక్షలు. పసిపిల్లను సుత లెక్క గడితే మనిషికి 600 డాలర్ల పైన పడ్డట్టు. కాంట్రాక్టు ఇచ్చినోడూ కట్టలె, రద్దు చేసినోడూ కట్టలె.

ఖాళీ అయిన జాగ ఊకె ఉండదు. యమీన్ గద్దె ఎక్కినంక చైనా దగ్గరైంది. 2014ల షీ జిన్‌పింగ్ మాలె వచ్చిండు. అదే ఎయిర్‌పోర్టుల కొత్త రన్‌వే పని బీజింగ్ కంపెనీ చేతికి పోయింది. 2018ల చైనా వంతెన తెరుచుకున్నది. అదే ఏడు ఓట్లల్ల యమీన్ ఓడిండు, సోలిహ్ వచ్చిండు. 2021ల ఇంకో పెద్ద వంతెన పని మన ఆఫ్కాన్స్‌కు దొరికింది. దానికి పైసలు 10 కోట్ల డాలర్ల గ్రాంటు, 40 కోట్ల డాలర్ల అప్పు, రెండూ ఇండియావే. గిట్లాంటి అప్పుల్ల ఒక షరతు ఉంటది: సరుకూ సేవలూ మామూలుగ 75 శాతం దాక ఇండియాకెల్లే కొనాలె. అంటే మనం దోస్తు దేశానికి ఇచ్చే అప్పు సముద్రం దాటి మన కంపెనీల ఖాతాలకే తిరిగొస్తది. అప్పు మాత్రం ఆ దేశపు పద్దుల ఉంటది. 2023ల ‘ఇండియా అవుట్’ అనుకుంట గెలిచిన ముయిజ్జు సుత ఆ వంతెనను ఆపలె. పైసలిచ్చినోని పట్టు గట్లుంటది.

కెన్యా ముచ్చట ఇంకో తీరు. నైరోబీ ఎయిర్‌పోర్టును 30 ఏండ్లకు అదానీకి ఇచ్చే ప్రతిపాదన, 185 కోట్ల డాలర్లది, బయటికి పొక్కినంకనే జనానికి తెలిసింది. 2024 సెప్టెంబరు 11న ఎయిర్‌పోర్టు కార్మికులు పని బంద్ పెట్టిండ్రు. మా నౌకర్ల సంగతేంది అన్నదే వాళ్ల సవాలు. ప్రయాణికులు ఇబ్బంది పడ్డరు, నిజమే. కోర్టు అంతకు ముందే స్టే ఇచ్చింది. అయినా అధ్యక్షుడు రూటో కదల్లె. నవంబరు 20న అమెరికాల అదానీ మీద లంచాల అభియోగాలు బయటపడ్డయి, కంపెనీ కాదన్నది. తెల్లారి రూటో పార్లమెంటుల నిలబడి రద్దు అన్నడు. దర్యాప్తు సంస్థలు, మిత్ర దేశాలు కొత్త సమాచారం ఇచ్చినయని చెప్పిండు. ఎంపీలు లేచి చప్పట్లు కొట్టిండ్రు. రెండు నెలల కింద అదే మాట గేటు కాడ కూసున్న కార్మికులు చెప్పినప్పుడు మాత్రం పోలీసులే వచ్చిండ్రు.